ఇంకోసారి... అనేముందు

డైరెక్టరంటే కేకలెయ్యడమే అనుకునేదాన్ని. 1997లో డిప్లొమా సినిమా కోసం పోచంపల్లి వెళ్ళాక తెలిసొచ్చింది!

మిగిలింది ఒక్కటే 16 ఎం.ఎం. రోలు. 400 అడుగులు, అంటే 11 నిమిషాలు. కెమెరా అద్దె ఆ రోజుతో సరి. అంతలో కరెంటు పోయింది. వాకిట్లో ఎండకు ఎదురుగా తెల్లచీర కట్టి, వెలుగును ఇంట్లోకి మళ్ళించాం.

చీర నేసేముందు మేకుల చుట్టూ వేలసార్లు నూలు తిప్పాలి. అదే ఆసు పోయడం. ఆ చేతి వేగం కెమెరాకు అందక మూడు టేకులు పాడయ్యాయి. "ఇంకోసారి" అన్నాను. ఆ పెద్దమ్మ భుజం పట్టుకుంది.

"ఇంకోపారి అనుడు అల్కగనే ఉంటది బిడ్డా. తిప్పేది నా చెయ్యి గద!"

సిగ్గేసింది. ఆమెను కూర్చోబెట్టి, నేనే చెయ్యి తిప్పుతూ కెమెరామన్‌తో రిహార్సల్ చేయించాను. పది నిమిషాలకే నా భుజం లాగేసింది. తర్వాత ఆమెతో ఒక్కటే టేకు. ఓకే!

ఇప్పటికీ ఎవరినైనా "ఇంకోసారి" అనేముందు, ముందు నేను చేసి చూస్తాను.