షట్టర్ వెనక సంగతులు

తాడిమర్రి చుట్టుపక్కల పాత మట్టి మిద్దెల్లో అలమార కొనే పని ఉండేది కాదు. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడ మూరెడు మందం. కట్టేటప్పుడే అందులో గూళ్లు వదిలేవారు. దీపానికి ఒకటి, ఉప్పూ పసుపులకు ఒకటి, దేవుడికి ఒకటి. మిగతా సామానుకు అటక, ఉట్టి, ట్రంకు పెట్టె ఉండనే ఉన్నాయి. ఇటుక గోడలు వచ్చాక మందం 9 అంగుళాలకు దిగింది, లోపలి అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలకే ఆగిపోయింది. అందులో గూడు ఎక్కడ తవ్వుతారు? పక్కనే తాడిపత్రి బండలు దొరికే ప్రాంతం కాబట్టి గోడకు నాపబండలు గుచ్చి సెల్ఫులు చేసుకున్నారు. దుమ్ము పడకుండా వాటికి తలుపులు పెట్టారు. ఆ తలుపులు ఇప్పుడు సాఫ్ట్ క్లోజ్ షట్టర్లయ్యాయి, సెల్ఫులు కబోర్డులయ్యాయి. ఇల్లు కట్టిన బడ్జెట్‌లో ఒక పెద్ద వాటా చివరి నెలలో వీటికే పోతోంది.

ఆ నెలలోనే ఇంటాయనకు ఓపికా డబ్బూ రెండూ అయిపోయి ఉంటాయి. గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటుంది. అందుకే స్లాబుకు సిమెంటు ఏ కంపెనీదో పదిసార్లు అడిగిన మనిషి కబోర్డుల దగ్గరకొచ్చేసరికి "ఎస్‌ఎఫ్‌టీ ఎంత?" అని ఒక్క మాట అడిగి, రంగుల కేటలాగు తిప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాడు. లోపల వేసే చెక్క, బిగించే కీలు, పెట్టె వెనక గోడ తడి సంగతి ఎవరూ మాట్లాడరు. తేడా వచ్చేది సరిగ్గా అక్కడే.

పని చేయించుకోవడానికి ఈ ప్రాంతంలో మూడు దారులున్నాయి. ఊళ్లోనో, ధర్మవరంలోనో ఉండే వడ్రంగి ఆచారికి ఇవ్వడం మొదటిది. పట్టణాల్లో ఇంటీరియర్ పనులు చేసే రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ కార్పెంటర్ల బృందాలను పిలిపించడం రెండోది. ఫ్యాక్టరీలో కోసి తెచ్చి బిగించే మాడ్యులర్ కంపెనీలు మూడోది. హిందూపురం, పెనుకొండ వాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి ఈ మూడో దారి వాళ్లకు మరీ కొత్తేం కాదు. 2018లో హైదరాబాద్‌లో, 2022లో బెంగళూరు నాగసంద్రలో ఐకియా షోరూములు తెరిచాక విడిభాగాలు తెచ్చుకుని బిగించుకునే పద్ధతీ జనానికి తెలిసింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలయ్యాక అద్దె ఇళ్ల గిరాకీ పెరిగింది. అద్దెకిచ్చే ఇంట్లోనూ కబోర్డులుండాలనే పట్టింపు దాంతోనే వచ్చింది.

ఫ్యాక్టరీ వంటగదికి మూలం వందేళ్ల కిందటిది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెట్ షూటె లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి, పప్పులకూ పిండికీ పేర్లు రాసిన అల్యూమినియం డబ్బాలతో సహా అన్నీ చేతికందేలా అమర్చింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఇల్లు ఒకే కొలతలో ఉంటే పెట్టె కూడా ఒకే కొలతలో చేయొచ్చన్నది ఆ పద్ధతికి పునాది. మన పల్లెల్లో ఒక ఇంటి కొలత ఇంకో ఇంటికి కుదరదు. గోడ ఒక కొసన అంగుళం లోపలికీ, మరో కొసన అరంగుళం బయటికీ ఉంటుంది. అలాంటి చోట గోడకు తగ్గట్టు చెక్కను చిత్రిక పట్టి కూర్చోబెట్టగల స్థానిక ఆచారికి ఫ్యాక్టరీ పెట్టె కంటే వీలెక్కువ.

అతనికి ఇంకో వీలు కూడా ఉంది. విజయనగర కాలం నుంచీ ఈ సీమ గ్రామాల్లో ఆయగాండ్ల పద్ధతి నడిచింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి వంటి వృత్తులవాళ్లకు పని పనికీ కూలి ఇచ్చేవాళ్లు కాదు. పంట చేతికొచ్చాక కళ్లంలో ధాన్యంగా ఇంత అని కొలిచిచ్చేవాళ్లు. ఆ ధాన్యం కొత్త మడక చేసిపెట్టినందుకు మాత్రమే ఇచ్చింది కాదు. ఏడాదిలో మడక విరిగినా, బండి ఇరుసు అరిగినా వచ్చి సరిచేయాలన్నది అందులోని షరతు. ఇవాళ కంపెనీలు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) అని అమ్ముతున్నది ఇంచుమించు ఆ ఒప్పందాన్నే. ఊళ్లో ఆచారికి పని ఇవ్వడంలో అసలు లాభం, రెండేళ్లకు షట్టర్ ఒరిగితే మనిషి దొరకడం. ఆ లాభం దక్కాలంటే మొదట్లోనే కొన్ని లెక్కలు తేల్చుకోవాలి.

మొదటిది ఎస్‌ఎఫ్‌టీ లెక్క. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్ అనుకుందాం. ఎదురుగా కనిపించే కొలత 42 చదరపు అడుగులు. లోపల రెండు పక్క పలకలు 28, పైనా కిందా కలిపి 24, నడిమి అడ్డం 14, ఒక్కో వైపు నాలుగేసి అరలు వేస్తే 48, తలుపులు 42. వెరసి 156 చదరపు అడుగుల మందపు ప్లైవుడ్. వెనక పలుచని పలక మరో 42. షీటు 8 అడుగులకు 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. కోతలో పోయే ముక్కలతో కలిపి మందపువి ఐదారు షీట్లు, పలుచనివి రెండు పడతాయి.

ఇప్పుడు ఇద్దరు కాంట్రాక్టర్లు రెండు రేట్లు చెప్పారనుకోండి. ఒకరు ఎదురు కొలత మీద చెప్పి ఉండొచ్చు, ఇంకొకరు వాడిన చెక్క మొత్తం మీద చెప్పి ఉండొచ్చు. రెండోది వినడానికి చవగ్గా ఉంటుంది గానీ బిల్లు 42కు బదులు 198 మీద వస్తుంది. పైన లాఫ్ట్ అందులోనే ఉందా, విడిగానా? చానెళ్లు, హ్యాండిళ్లు, అద్దం ఎవరివి? లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా? ఇవన్నీ తేలాకే రెండు రేట్లను పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది.

రెండో లెక్క చెక్కది. షాపుల్లో మూడు పేర్లు వినిపిస్తాయి: ఎంఆర్, బీడబ్ల్యూఆర్, బీడబ్ల్యూపీ. ఎంఆర్ గాలిలో తేమకు తట్టుకుంటుంది, నీళ్లకు కాదు. బీడబ్ల్యూఆర్ మరికొంత గట్టిది. మెరైన్ ప్లై అని పిలిచే బీడబ్ల్యూపీకి ఐఎస్ 710 ప్రమాణం. 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది దానికి పెట్టే పరీక్ష. ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే ఈ ప్రాంతంలో పడకగది వార్డ్‌రోబ్‌కు మంచి ఎంఆర్ సరిపోతుంది. సింకు కింద, బాత్‌రూమ్ గోడను ఆనుకున్న చోట మాత్రం బీడబ్ల్యూపీ వేయడం ఖర్చు దండగ కాదు. ఇల్లంతా ఖరీదైన ప్లై వేయించి చేయి కాల్చుకోవడం కంటే, తడి తగిలే నాలుగు చోట్లను ఎంచి అక్కడ వేయించడం మేలు.

ప్లైవుడ్ పరిశ్రమ తీరే మారిపోయిన సంగతీ ఇక్కడ తెలుసుకోవాలి. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈశాన్య రాష్ట్రాల అడవి కలపకూ మిల్లులకూ కళ్లెం వేసింది. తర్వాత హర్యానాలోని యమునానగర్, కేరళలోని పెరుంబావూర్ లాంటి చోట్ల తోటల్లో పెంచిన చెట్ల కలపతో ప్లై తయారీ బాగా పెరిగింది. పాప్లర్ చెక్క తేలిక, నీలగిరి చెక్క బరువు. 18 మిల్లీమీటర్ల షీటు సాధారణంగా 30 కేజీలకు పైమాటే. చేత్తో లేపగానే తేలిగ్గా వచ్చేస్తే, నాణెంతో తడుతూ పోతే అక్కడక్కడా డొల్ల శబ్దం వస్తే లోపలి పొరల్లో సందులున్నాయని అర్థం. 2025లో ప్లైవుడ్‌కు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేసే కేంద్ర ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది. షీట్లు ఆటో దిగుతుండగానే రెండు నిమిషాల్లో అయ్యే పని అది. లామినేట్ అతికించాక చూద్దామన్నా కనిపించదు.

ప్లై, జిగురు కంపెనీలు కార్పెంటర్లకు పాయింట్లు, బహుమతులు ఇస్తుంటాయి. ఇదేం రహస్యం కాదు, తప్పూ కాదు. ఆచారి ఒక బ్రాండ్ మీదే గట్టిగా నిలబడితే కారణం అనుభవం కావచ్చు, పాయింట్లూ కావచ్చు. "ఎందుకన్నా ఇదే?" అని మర్యాదగా అడిగితే, పనితనం తెలిసిన మనిషి వెనకటి ఇళ్లలో తాను వేసిన చెక్క ఎలా ఉందో చెబుతాడు. ఆ ఇళ్లకు తీసుకెళ్లి చూపిస్తాడు కూడా. కొత్తగా చేసినవి కాకుండా నాలుగేళ్ల కిందట చేసినవి చూడాలి. సింకు కింద తలుపు తెరిచి అడుగు పలక మూల నొక్కితే అతని పని గురించి చాలావరకు తెలిసిపోతుంది.

ఇక్కడి నేలకు చెదలు పెద్ద శత్రువు. పునాది దశలోనే మట్టికి మందు పట్టించే పద్ధతికి ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది. ఆ దశ దాటిపోయినా కబోర్డు బిగించే ముందు గోడ మూలల్లో, నేల అంచుల్లో మందు కొట్టించొచ్చు. అడుగు పెట్టెను నేల మీద నేరుగా ఆనించకుండా 4 అంగుళాల కాళ్ల మీద నిలిపితే చెదపురుగు గూడు కట్టిన జాడ చీపురు పట్టే మనిషికే కనిపిస్తుంది. రెండో శత్రువు తొందర. పూత ఆరని గోడకు పెట్టెలు బిగిస్తే ఆ తడి వెనక పలకకు పట్టి బూజు వస్తుంది. గోడకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు వదలాలి. మూడోది బోరు నీళ్లలోని ఉప్పు. నాసిరకం స్టీలు కీళ్లు సింకు దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అక్కడ 304 రకం స్టీలు అడగాలి. ఈ బెడదల వల్లే కొందరు పాత దారినే పట్టుకున్నారు: లోపల నాపబండ అరలు, బయట మాత్రం చెక్క ఫ్రేమూ షట్టర్లూ. బండకు చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు, చెక్క ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

వంటింట్లో ఇంకో జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది. 14.2 కేజీల గ్యాస్ సిలిండర్‌ను కబోర్డులో దాచే మోజు పెరిగింది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి పేరుకుంటుంది. కాబట్టి ఆ అరకు గాలి ఆడే కంతలు అడుగున ఉండాలి. పైన అందంగా జాలీ పెట్టి కింద మూసేస్తే ఉపయోగం లేదు.

ధర్మవరం పక్కన ఇల్లంటే పట్టుచీరల అర లేకుండా ఉండదు. చీరను హ్యాంగర్‌కు నెలల తరబడి వేలాడదీస్తే జరీ బరువుకు మడత దగ్గర దారం సాగుతుంది. అందుకే ఇక్కడి ఇళ్లలో నూలు బట్టలో చుట్టి పడుకోబెడతారు, అప్పుడప్పుడూ మడత మార్చి గాలికి పెడతారు. కాంట్రాక్టర్ కేటలాగు నిండా కోట్లు వేలాడదీసే పొడవాటి ఖానాలే కనిపిస్తాయి. వాటి బదులు చేతికందే ఎత్తులో తక్కువ ఎత్తు అరలు ఎక్కువ వేయమనాలి. ఈ మాట చెప్పాల్సింది ఇల్లాలు. కానీ కొలతల రోజు ఆమెను వంటింట్లోంచి పిలవని ఇళ్లే ఎక్కువ. ప్లాట్‌ఫారం ఎత్తూ అంతే, వండే మనిషి మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే నడుము నొప్పి రాదు.

ఇవన్నీ ఒక కాగితం మీదికెక్కాలి. ప్లై పేరు, గ్రేడు, మందం. బయటి లామినేట్ 1 మిల్లీమీటరా, 0.8 మిల్లీమీటరా, అంచులకు పట్టీ మిషన్‌తోనా, చేత్తోనా, కీళ్లు, చానెళ్ల కంపెనీ, కొలిచే పద్ధతి, ఎన్ని రోజులు, ఏ దశకు ఎంత డబ్బు. పనిముట్లున్న ఆచారికి సగానికి పైగా అడ్వాన్సు అక్కర్లేదు. షీట్లు దిగినప్పుడు కొంత, పెట్టెలు నిలబడినప్పుడు కొంత, షట్టర్లు బిగించినప్పుడు కొంత ఇస్తూ, చివరి పదో వంతు నెల వాడాక ఇచ్చేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. పెట్టుబడి లేక పెద్ద అడ్వాన్సు అడిగే ఆచారులకు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఒక ఆధారం. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు ఇస్తారు.

అన్నీ చూసుకున్నా చెడిన పని ఎదురైతే? 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపానికి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. లోపం తలెత్తిన రెండేళ్లలోపు చేయాలి. ఇచ్చిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. కాంట్రాక్టర్ బెంగళూరు వాడైనా, ఫిర్యాదీ తాను ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. అక్కడ పనికొచ్చేది ఆ ఒక్క కాగితం, ఫోన్‌పే రసీదులు, వాట్సాప్‌లో పంపిన కొలతలు.

చాలా తగాదాలు అంత దూరం పోనక్కర్లేదు. ఆర్నెల్లకో ఏడాదికో షట్టర్లు ఒరిగి ఒకదానికొకటి రాసుకోవడం మామూలు. ఇంటివాళ్లు పని చెడిందనుకుంటారు. తలుపులో 35 మిల్లీమీటర్ల గుంట చేసి కూర్చోబెట్టిన ఆ కీలుకు మరలుంటాయి. ఒకటి తిప్పితే తలుపు పక్కకు జరుగుతుంది, ఒకటి తిప్పితే ముందుకూ వెనక్కూ, ఇంకొకటి వదులు చేస్తే పైకీ కిందికీ. ఆచారి స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని బైకు మీద వచ్చి, టీ చల్లారేలోపు నాలుగు షట్టర్లూ సరిచేసి పోతాడు. ఆ పనికి డబ్బులడిగే ఆచారులు తక్కువ, పక్కింట్లో ఎవరైనా ఇల్లు కడుతున్నారా అని మాత్రం అడుగుతారు.