చేపగారి గృహప్రవేశం!

కొన్నప్పుడు వేలెడంత. రెండేళ్లు తిరిగేసరికి మూరెడు. పాత తొట్టె చాలదు, పెద్దది తేవాల్సిందే. తెచ్చాక..? అసలు పరీక్ష అప్పుడే మొదలు.

మనం ఇల్లు మారాలంటే ముహూర్తం చూసుకుంటాం, పాలు పొంగిస్తాం. అదే చేపకు ఇల్లు మార్చాలంటే... కొత్త తొట్టె, కొత్త రాళ్లు, కొత్త నీళ్లు, అన్నీ ఒకే పూట! సాయంత్రానికల్లా అది తళతళలాడే అద్దాల మేడలో ఉంటుంది. వారం తిరక్కుండానే నీటిపైకొచ్చి ఆయాసపడుతుంది. నీళ్లేమో తేటగానే ఉంటాయి. మరేమైనట్టు?

ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరిట వెలసిన ఏ.ఎస్. రావు నగర్‌లో ఇప్పుడు ఎటుచూసినా అపార్ట్‌మెంట్లే. ఫ్లాట్‌లో కుక్కను పెంచడం కష్టం, చేపయితే అరవదుగా అనుకునేవారికి అక్వేరియమే దిక్కు. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో కొందరు అరోవానాను ఏరికోరి తెచ్చుకుంటారు. అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన వెండి అరోవానా రెండు మూడడుగుల దాకా పెరుగుతుంది. పురుగు కనిపిస్తే నీళ్లలోంచి చెంగున ఎగిరి పట్టేస్తుంది. నోట్లో పట్టేంత చేప పక్కనుంటే అది నేస్తం కాదు, ఫలహారమే! ఇక ఆసియా అరోవానా అంతరించే ముప్పున్న జాతి. దాన్ని ఉంచుకోవాలంటే చట్టప్రకారం పత్రాలుండాలి.

ముందు నేల సంగతి
ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టెను నిండా నింపితే దాదాపు 680 లీటర్లు పడతాయి. అంటే నీళ్ల బరువే 680 కిలోలు. అద్దాలు, స్టాండు అదనం. ఇళ్లలో గచ్చును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల భారం లెక్కన కడతారు. ఈ తొట్టె ఆక్రమించేదేమో మీటరు పైచిలుకు చోటే. అందుకే హాలు మధ్యలో కాకుండా దూలం వెళ్లే గోడవారగా పెట్టాలి. పై అంతస్తయితే ముందుగా ఇంజినీరును అడగడం మేలు.

పాలకు తోడులా...
చేప విసర్జించే వ్యర్థాలు, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. చేపకది విషం. ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా ఉండదు. దానంతటది కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తేటనీళ్లలోనూ చేప ఆయాసపడేది ఇందుకే. పైగా ఇది మాంసాహారి, ఒళ్లూ పెద్దది. అమోనియా కూడా ఎక్కువే.

పాలు పెరుగవ్వాలంటే తోడు వేస్తాం కదా... ఇక్కడ పాత స్పాంజే తోడు. కొత్త ఫిల్టర్‌ను రెండు మూడు వారాల ముందు నుంచే పాత తొట్టెలో నడిపించాలి. లేదా పాత ఫిల్టర్‌నే చేపతోపాటు తరలించాలి. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పాత తొట్టె నీళ్లలోనే జాడిస్తే చాలు.

మారే రోజు
కొత్త తొట్టెను ముందుగానే నింపి, ఎక్కడైనా కారుతోందేమో రెండు మూడు రోజులు చూడాలి. నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు కలపాలి. తరలించే ముందురోజు మేత ఆపేయాలి. వలతో పడితే పొలుసులు ఊడతాయి, మీసాలు తెగుతాయి. లైట్లార్పి, పెద్ద దళసరి పాలిథిన్ సంచిని నీళ్లలోనే ఎదురుగా పట్టి నెమ్మదిగా లోపలికి మళ్లించాలి. ఇది ఇద్దరి పని. సంచిని కొత్త తొట్టెలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక కొద్దికొద్దిగా కొత్త నీళ్లు కలుపుతూ గంటసేపట్లో వదలాలి. ఆ వెంటనే మూత బిగించాలి. బెదిరిన అరోవానా గెంతిందంటే నేలమీదే! కొన్నాళ్లు మేత ముట్టకపోయినా కంగారొద్దు. అమోనియాను మాత్రం కిట్‌తో పరీక్షిస్తుండాలి. కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఎయిర్‌పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.

చెరువులో వద్దు
ఇంట్లో చోటు లేదని ఏ కాప్రా చెరువులోనో వదిలేస్తే పుణ్యమేమీ రాదు. 2023 మే నెలలో శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో ఉత్తర అమెరికాకు చెందిన అలిగేటర్ గార్ చేప బయటపడింది. దూరమెందుకు... అద్దాలకు పట్టిన పాచిని తినేస్తుందని కొనే సక్కర్ చేప మన చెరువుల్లోకీ చేరింది. వలలు చింపుతూ జాలర్ల పొట్ట కొడుతోంది. దాన్ని పసిగట్టడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెరువు నీళ్లలో డీఎన్ఏను వెతికే పద్ధతిని రూపొందించాల్సి వచ్చింది. పెంచలేకపోతే కొన్న దుకాణానికో, పెద్ద తొట్టెలున్నవారికో ఇచ్చేయడం నయం.

బాగా చూసుకుంటే అరోవానా పదేళ్లకు పైగానే బతుకుతుంది. కాబట్టి వేలెడంత పిల్లను కొనేముందే టేపు తీసుకుని హాల్లో గోడ కొలుచుకోండి. ఆరడుగుల చోటు లేదా..? గప్పీలను పెంచుకోండి. అవీ ముచ్చటగానే ఉంటాయి!