బొమ్మ రైలుకు లో వోల్టేజీయే మేలు

రుద్రంగి రైతుకు లో వోల్టేజీ అనగానే గుర్తొచ్చేది బావి దగ్గర కాలిపోయిన మోటారు, దాన్ని మళ్లీ చుట్టించడానికయిన ఖర్చు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్లకూ ఆ మాట గిట్టదు. అలాంటి చోట, రిమోట్‌తో నడిచే చిన్న రైళ్లకు పట్టాల మీద వోల్టేజీ తగ్గించండి అని చెబితే ఎవరికైనా అనుమానం రావడం సహజం. ఆ అనుమానం తీరాలంటే ముందు రెండు మోటార్ల తేడా తెలియాలి.

బావి దగ్గరిది ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది వోల్టేజీ కాదు, సరఫరాలోని 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ. వోల్టేజీ పడిపోయినా ఎత్తిపోయాల్సిన నీటి బరువు అలాగే ఉంటుంది. దాదాపు అదే వేగంతో తిరగడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. బొమ్మ రైలు ఇంజిన్‌లో సాధారణంగా ఉండేది శాశ్వత అయస్కాంతం, బ్రష్‌లు ఉన్న డీసీ మోటారు. అది ఎంత కరెంటు తీసుకోవాలో లాగుతున్న పెట్టెల బరువు చెబుతుంది, ఎంత వేగంగా తిరగాలో వోల్టేజీ చెబుతుంది. వోల్టేజీ తగ్గితే నెమ్మదిగా తిరుగుతుంది తప్ప కాలిపోదు.

వోల్టేజీని అదుపులో పెట్టాలన్న ఆలోచన బొమ్మ రైళ్లకు ఊరికే రాలేదు. 20వ శతాబ్దం తొలి రోజుల్లో యూరప్‌లో కొన్ని బొమ్మ రైళ్లను ఇంటి కరెంటుతోనే నడిపేవారు. మధ్యలో ఒక బల్బు పెట్టి, వోల్టేజీలో కొంత దాని మీద పడేలా చేసేవారు. ఇది ఎంత ప్రమాదమో చూడండి: రైలు నడుస్తున్నప్పుడు బల్బు తన వంతు తీసుకుంటుంది, కానీ రైలు లేని పట్టాలను పిల్లవాడు ముట్టుకుంటే దాదాపు మొత్తం వోల్టేజీ వాడి చేతి మీదే పడుతుంది. 1920ల దశకంలో జర్మనీ కంపెనీ మెర్క్లిన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 20 వోల్టుల పద్ధతికి మారింది. తర్వాత చిన్న సైజు రైళ్లకు 12 వోల్టుల డీసీ ప్రపంచమంతా అలవాటైంది.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పట్టాల వోల్టేజీతో వేగాన్ని మారుస్తుంటే, ఆ పట్టాల మీద ఉన్న రైళ్లన్నీ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. ఒక్కో ఇంజిన్‌ను విడిగా పిలవగలగాలి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ 1963లో ఆస్ట్రాక్ పేరుతో అయిదు ఇంజిన్లను వేర్వేరుగా నడిపే పరికరం తెచ్చింది. 1979లో బ్రిటన్ కంపెనీ హార్న్‌బీ తెచ్చిన జీరో వన్ 16 ఇంజిన్లను నడిపింది. నిలదొక్కుకున్న పద్ధతి మాత్రం 1980లలో జర్మనీలో బెర్న్‌డ్ లెంజ్ రూపొందించినది. దాన్ని ఆధారం చేసుకుని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో అందరికీ ఒకే ప్రమాణం రాసింది. అదే డీసీసీ. ఒక కంపెనీ కంట్రోలర్ ఇంకో కంపెనీ ఇంజిన్‌ను నడపగలగడం ఆ ప్రమాణం చలవే. నా దృష్టిలో బొమ్మ రైళ్ల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు అదే.

డీసీసీలో పట్టాల మీద కరెంటూ, ఆజ్ఞా కలిసే ప్రయాణిస్తాయి. రెండు పట్టాల మధ్య ప్లస్, మైనస్‌లు సెకనుకు వేల సార్లు తారుమారవుతుంటాయి. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ఒకటి, 100 మైక్రోసెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సున్నా. ఇంజిన్ లోపల గోరంత డీకోడర్ ఆ ఒకట్లు, సున్నాలు చదివి, తన నంబరుతో వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది, మోటారుకు ఎంత కావాలో అంతే వదులుతుంది.

అసలు విషయం ఇక్కడుంది. పాత పద్ధతిలో రైలు ఆగిందంటే పట్టాల మీద వోల్టేజీ లేనట్టే. డీసీసీలో రైలు నడిచినా, నిలిచినా పట్టాల మీద పూర్తి వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది. షెడ్డులో ఆగిన ఇంజిన్ డీకోడర్ కూడా రోజంతా దాన్ని మోస్తూనే ఉంటుంది. చాలా డీకోడర్లలో చిప్‌కు కావలసింది 5 వోల్టులే, మిగిలినదంతా వేడిగా పోతుంది. చిప్ 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పట్టాల మీద 18 వోల్టులుంటే వృథా వేడి సుమారు 0.65 వాట్లు, 12 వోల్టులుంటే 0.35 వాట్లు. గాలి ఆడని ప్లాస్టిక్ డొప్పలో, మన మే నెల ఎండల్లో, ఈ తేడా చిన్నది కాదు. షార్టు అయినప్పుడూ అంతే. పట్టాలకు కరెంటు అందించే 5 ఆంపియర్ల బూస్టరు 18 వోల్టుల దగ్గర 90 వాట్లు, 12 వోల్టుల దగ్గర 60 వాట్లు ఇవ్వగలదు. పెట్టె చక్రం దగ్గర ప్లాస్టిక్ కరగడానికి అవి చాలు.

వోల్టేజీ తగ్గిస్తే రైలు పరుగు తగ్గదా అంటే, తగ్గుతుంది. కానీ ఆ పరుగు అవసరమే లేదు. హెచ్‌ఓ సైజు నమూనా అసలు రైలులో 87వ వంతు. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఆ లెక్కన కుదిస్తే వచ్చేది సెకనుకు 32 సెంటీమీటర్లే. స్టేషన్‌లో ఆగబోయే బొమ్మ రైలు అంతకన్నా నెమ్మదిగా రావాలి.

మరి ఎంత పెట్టాలి? పట్టాల మధ్య 9 మిల్లీమీటర్ల దూరం ఉండే ఎన్ సైజుకు 12 వోల్టులు, హెచ్‌ఓకు 14 వరకు చాలు. తోటలో నడిపే పెద్ద రైళ్లకే 18 దాటాలి. ప్రమాణం ప్రకారం 22 ఎప్పుడూ దాటకూడదు. కింద కూడా హద్దుంది: పట్టాల దగ్గర 7 వోల్టుల కన్నా తగ్గితే డీకోడర్ పనిచేస్తుందన్న హామీ లేదు. శబ్దం చేసే డీకోడర్లు అంతకు ముందే మొరాయించవచ్చు. అందుకే వోల్టేజీ తగ్గించేవారు పట్టాలను శుభ్రంగా తుడవాలి, లావు వైరు వేయాలి, ప్రతి ఒకటి రెండు మీటర్లకు పట్టాలకు వైరు కలపాలి.

కొలిచేటప్పుడు చవక మల్టీమీటరు ఏసీ అంకెను నమ్మకండి, ఆ చతురస్రపు తరంగాన్ని అది సరిగా చదవదు. నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెట్టి డీసీలో కొలిచి, దానికి 1.4 కలపండి. ఆ తర్వాత కంట్రోలరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీద అడ్డంగా రూపాయి బిళ్ల పెట్టండి. బూస్టరు తనంతట తానే వెంటనే కరెంటు కట్టేయాలి. కట్టేయకపోతే వోల్టేజీ ఎంత తక్కువున్నా ఆ లేఅవుట్ సురక్షితం కాదు. వైర్లు మార్చేదాకా రైలు ఎక్కించొద్దు.

రుద్రంగికి ఇంకా రైలు లేదు. రైలెక్కాలంటే పెద్దపల్లి, నిజామాబాద్ లైను మీది కోరుట్ల స్టేషన్‌కు వెళ్లాలి. కొత్తపల్లి, మనోహరాబాద్ లైను సిరిసిల్ల మీదుగా వేస్తున్నారు. ఆ లైను నమూనాను బడిలో సైన్స్ ప్రదర్శనకు చేయించాలనుకునే మాస్టర్లకు ఒక్క మాట. పిల్లల కరెంటు బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి, ప్రమాణం ఐఎస్ 15644. మీరు సొంతంగా చేసినా సరే, గోడ ప్లగ్గుకూ పట్టాలకూ మధ్య ఉండే అడాప్టరు మాత్రం సొంతంగా చేయకండి. బీఐఎస్ గుర్తున్నదే కొనండి, 12 వోల్టులదే కొనండి.