కేంద్ర ప్రభుత్వ అధికారం: ఆజ్ఞాపించడం, ఆపి ఉంచడం

ప్రస్తావన

కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద ప్రశ్న రాగానే మీలో చాలామంది 356వ అధికరణంతో జవాబు మొదలుపెడతారు. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. అక్కడ మొదలుపెట్టినందుకు మార్కులు తగ్గవు. అక్కడే ఆగిపోతే మాత్రం కేంద్రం తన అధికారాన్ని రోజువారీగా ఎలా నడుపుతుందో మీకు అర్థం కానట్టే లెక్క.

అధికారాన్ని రెండు రకాలుగా చూడండి. "ఈ పని చెయ్యి" అని ఎదుటివారిని ఆజ్ఞాపించగలగడం ఒక రకం. తన సంతకమో సమ్మతో లేనిదే ఎదుటివారి పని ముందుకు కదలని స్థానంలో కూర్చోవడం రెండో రకం. మొదటిది వాడితే పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, కోర్టులో కేసు అవుతుంది. రెండోది వాడితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. నేటి కేంద్రం బలం ఎక్కువగా ఈ రెండో రకంలో ఉందని నా అభిప్రాయం. ఈ పాఠంలో దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

356వ అధికరణం: పదును తగ్గిన ఆయుధం

రాష్ట్రంలో పాలన రాజ్యాంగం ప్రకారం సాగే పరిస్థితి లేదని రాష్ట్రపతి భావిస్తే ఆ రాష్ట్ర పాలనను తన చేతుల్లోకి తీసుకోవచ్చని ఈ అధికరణం చెబుతుంది. గవర్నర్ నివేదిక మీద గానీ, అది లేకుండా గానీ ఆ నిర్ణయం తీసుకోవచ్చు. ఇటువంటి అధికరణాలను వాడే అవసరం రాకూడదని, అవి కాగితం మీదే ఉండిపోవాలని రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఆశించారు. ఆ ఆశ ఫలించలేదు. 1959లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం రద్దయింది. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల కాంగ్రెస్ ప్రభుత్వాలను ఒక్కసారిగా తొలగించింది. 1980లో ఇందిరాగాంధీ తిరిగి వచ్చి తొమ్మిది రాష్ట్రాలతో ఆ లెక్క సరిచేశారు. పార్టీలు మారినా వాడకం మారలేదన్నది ఇక్కడ గమనించాలి.

1994 మార్చి 11న ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ఆయుధం పదును తగ్గించింది. మెజారిటీ తేలవలసింది శాసనసభలో బలపరీక్ష ద్వారానే గానీ రాజ్‌భవన్‌లో కాదన్నది. రాష్ట్రపతి ప్రకటనను న్యాయస్థానం సమీక్షించవచ్చని, పార్లమెంటు ఆమోదించేవరకు శాసనసభను రద్దు చేయరాదని కూడా చెప్పింది. 1989లో కర్ణాటకలో బొమ్మై ప్రభుత్వానికి మెజారిటీ లేదని నివేదిక పంపిన గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య మన రాయలసీమ నాయకుడే. ఈ తీర్పు తర్వాత 356 వాడకం బాగా తగ్గింది.

ఇక మన సంగతి చూద్దాం. తెలుగు నేల మీద రాష్ట్రపతి పాలన మూడుసార్లు వచ్చింది. 1954 నవంబరులో మద్యనిషేధం అంశంపై ప్రకాశం పంతులు మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు ఆంధ్ర రాష్ట్రంలో, 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉండగా పి.వి. నరసింహారావు మంత్రివర్గం తప్పుకున్నప్పుడు ఒకసారి, 2014 మార్చిలో కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా తర్వాత మరోసారి. మూడు సందర్భాల్లోనూ ప్రభుత్వం ముందే పడిపోయింది, లేదా తనంతట తాను తప్పుకుంది.

మరి 1984 మాటేమిటని మీరు అడగాలి. ఆ ఏడాది ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. అక్కడ 356 వాడలేదు. మంత్రులు గవర్నర్ అభీష్టం మేరకు పదవిలో ఉంటారన్న 164వ అధికరణంలోని మాట ఆధారంగా ఆ పని జరిగింది. రామారావు తన శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. పరీక్షల్లో దీన్ని 356కు ఉదాహరణగా రాసేవారు ఇప్పటికీ కనిపిస్తారు. మీరు రాయకండి. కేంద్రం పంపిన ఒక వ్యక్తి రాష్ట్ర రాజధానిలో కూర్చుని ఉండటమే ఎంత పెద్ద అధికారమో ఆ నెల రోజులు చూపించాయి.

సంతకం కోసం నిరీక్షణ

శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నర్ సంతకం లేకుండా చట్టం కాదు. 200వ అధికరణం ప్రకారం గవర్నర్ ఆమోదం తెలపవచ్చు, తెలపకుండా సభకు తిప్పి పంపవచ్చు, లేదా రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. తిప్పి పంపదలిస్తే 'వీలైనంత త్వరగా' పంపాలి. ఎన్ని రోజుల్లో అన్నది రాజ్యాంగం చెప్పలేదు. ఈ చిన్న ఖాళీ చాలా పెద్దదైంది.

2023లో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నర్ దగ్గర ఆగిపోయాయని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'వీలైనంత త్వరగా' అన్న మాటకు రాజ్యాంగపరంగా బరువుందని కోర్టు గుర్తుచేసింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లింది. గడువులు నిర్దేశించి, ఆగిపోయిన పది బిల్లులకు ఆమోదం లభించినట్టే భావించాలని తీర్పు చెప్పింది. దానిపై రాష్ట్రపతి సలహా కోరగా, అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తులు వేరే అభిప్రాయం ఇచ్చారు. కోర్టులు గడువు విధించలేవు, ఆమోదం లభించినట్టు భావించడం కుదరదు, అయితే కారణం చెప్పకుండా సుదీర్ఘంగా ఆపితే పరిమితంగా జోక్యం చేసుకోవచ్చు అన్నారు.

తిరస్కరిస్తే కారణం చెప్పాలి, చర్చకు నిలబడాలి. ఆపి ఉంచితే ఆ బాధ లేదు. ఆ బిల్లు విశ్వవిద్యాలయ నియామకాలకు సంబంధించినదైతే నష్టపోయేది ముఖ్యమంత్రి ఒక్కరే కాదు, అధ్యాపకుడు లేని తరగతిలో కూర్చున్న విద్యార్థి కూడా.

ఈ ఆపే శక్తి రెండువైపులా సమానంగా లేదు. 3వ అధికరణం కింద రాష్ట్రాన్ని విభజించాలంటే ఆ శాసనసభ అభిప్రాయం కోరితే చాలు, అంగీకారం అక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. మీరు హైదరాబాదులో ఉండి చదువుతున్నారో విజయవాడలో ఉండి చదువుతున్నారో దాన్నిబట్టి ఆ ఫలితం న్యాయమనో అన్యాయమనో అనిపిస్తుంది. దాన్ని కాసేపు పక్కనపెట్టి పద్ధతిని మాత్రం చూడండి.

పెట్రోలు లెక్క

ఒక ఆదివారం సంప్రదింపు తరగతిలో, పెట్రోలు బంకులో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న విద్యార్థి నన్నడిగాడు: "సార్, లీటరు మీద కేంద్రం తీసుకునే పన్నులో మన రాష్ట్రానికి ఎంతొస్తుంది?" ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లి లెక్క వేశాను. అదే ఇక్కడ ఇస్తున్నాను. పెన్ను తీసుకుని మీరూ వేయండి.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం దాన్ని 41 శాతంగా నిర్ణయించింది. అయితే సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకంలోకి రావు. ఆ సొమ్ము పూర్తిగా కేంద్రానిదే. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌కు ముందు లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు 32 రూపాయల 98 పైసలు. అందులో రాష్ట్రాలకు పంచవలసిన మూల సుంకం 2 రూపాయల 98 పైసలే. బడ్జెట్‌లో ఈ మూల సుంకాన్ని 1 రూపాయి 40 పైసలకు, ప్రత్యేక అదనపు సుంకాన్ని 12 రూపాయల నుంచి 11కు తగ్గించారు. కొత్తగా వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 2 రూపాయల 50 పైసలు వేశారు. 18 రూపాయల రోడ్డు సెస్సు అలాగే ఉంది. మొత్తం 32 రూపాయల 90 పైసలు.

వాహనదారుడు కట్టే కేంద్ర పన్నులో తేడా ఎనిమిది పైసలు. రాష్ట్రాలతో పంచుకునే భాగం మాత్రం సగానికి పైగా తగ్గింది. 1 రూపాయి 40 పైసల్లో 41 శాతం అంటే దాదాపు 57 పైసలు. అది దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, అంటే లీటరుకు రెండు పైసలకు కాస్త ఎక్కువ. తెలంగాణ వాటా 2.102 శాతం, అంటే ఒక పైసాకు కాస్త ఎక్కువ. బంకులో ఎవరూ ఏమీ గమనించలేదు. ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం చెక్కుచెదరలేదు. ఆ శాతం దేనిమీద లెక్కించాలన్నది మాత్రం మారిపోయింది.

ఒక మాట మరవకండి. రాష్ట్రాలు తమ వ్యాట్ వేరుగా వేసుకుంటాయి, అది తక్కువేమీ కాదు. 2021 నవంబరులో, 2022 మేలో కేంద్రం పెట్రోలు మీద మొత్తం 13 రూపాయలు తగ్గించినప్పుడు ఆ కోత రోడ్డు సెస్సులోనే పడింది. అందువల్ల రాష్ట్రాలతో పంచే భాగానికి గండి పడలేదు. సెస్సు సొమ్ము రోడ్లకో పథకాలకో రాష్ట్రాలకే తిరిగి వస్తుందన్న వాదనలోనూ కొంత నిజముంది. అయితే హక్కుగా వచ్చే వాటాను రాష్ట్రం తన ఇష్టప్రకారం ఖర్చు చేసుకుంటుంది. పథకం రూపంలో వచ్చేదానికి షరతులు కట్టి ఉంటాయి.

మండలిలో ఓటు, అప్పుకు అనుమతి

జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు విలువ మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కమాట మీద నిలిచినా 67 శాతం దాటదు, 75 రాదు. అంటే కేంద్రం ఒక్కటే దేన్నయినా ఆపగలదు. కేంద్రం కూడా ఒంటరిగా దేన్నీ నెగ్గించుకోలేదు, నిజమే. దాదాపు అన్ని నిర్ణయాలూ ఏకాభిప్రాయంతోనే జరిగాయి. తొలి ఓటింగు 2019 డిసెంబరులో, లాటరీల పన్ను మీద. మండలి సిఫార్సులు చట్టసభలను కట్టడి చేయవని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పుల విషయం క్లుప్తంగా చెబుతాను. కేంద్రానికి రాష్ట్రం బాకీ ఉన్నంతకాలం కొత్త అప్పుకు కేంద్రం సమ్మతి కావాలని 293వ అధికరణం అంటుంది. ఆ సమ్మతికి పరిమితులు పెట్టడాన్ని ప్రశ్నిస్తూ కేరళ వేసిన దావాను 2024లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు.

రాష్ట్రాలు తక్కువ తిన్నాయా?

బలమైన కేంద్రం కావాలని రాజ్యాంగకర్తలు ఊరికే అనుకోలేదు. దేశ విభజన, సంస్థానాల విలీనం వారి కళ్ల ముందే జరిగాయి. మన హైదరాబాదు సంగతి 1948 సెప్టెంబరులో గానీ తేలలేదు. కాబట్టి కేంద్రాన్ని దోషిగా నిలబెట్టడానికి ఈ పాఠం రాయలేదు. పైగా ఢిల్లీ మీద ఫిర్యాదు చేసే రాష్ట్రాలే పంచాయతీల దగ్గర అదే పద్ధతి పాటిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నాటికి ముగిస్తే 2025 డిసెంబరులో జరిగాయి. ఆ మధ్యకాలంలో ప్రత్యేకాధికారులు గ్రామాలను నడిపారు. ఏ పంచాయతీనీ ఎవరూ రద్దు చేయలేదు. ఎన్నికలు పెట్టలేదు, అంతే.

అభ్యాసం

మీ పంచాయతీ లేదా పురపాలక కార్యాలయానికి వెళ్లి, గత ఏడాది చేయాలనుకుని చేయలేకపోయిన ఒక పని గురించి అడగండి. అది ఎవరి సంతకం కోసం, ఎవరి అనుమతి కోసం, ఏ నిధుల విడుదల కోసం ఆగిందో తెలుసుకోండి. ఆ ఫైలు ఏ మెట్టు దగ్గర ఎన్ని రోజులు నిలిచిందో తేదీలతో ఒక పేజీలో రాసి తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.