పాఠశాల తోటలో అతిథి ప్రసంగములు – చేతి పనులు

“మేము బిడ్డలను చదువుకొనుటకు పంపితిమి గాని మట్టిపని చేయుటకు గాదు” అని కొందరు తల్లిదండ్రులు అప్పుడప్పుడు నాతో చెప్పుచుందురు. ఆ మాటను నేను తప్పు పట్టను. తాము ఎండలో పడిన కష్టము తమ బిడ్డలు పడరాదని కోరుట సహజమే. అయినను మన తోట సంఘము శనివారములందు చేయుచున్న పని చదువునకు ఆటంకమా, చదువులో భాగమా యను విషయమును వివరించుట నా విధి యని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదటి యేట మేము చేసిన పొరపాటును ముందుగా ఒప్పుకొనవలెను. అతిథులను పిలిచితిమి, పూలమాలలు వేసితిమి. వారు గంటసేపు ప్రసంగించిరి, మేము చప్పట్లు కొట్టితిమి. సోమవారమునాడు “ఏమి వింటిరి?” అని అడుగగా ఒక్క విద్యార్థియు చెప్పలేకపోయెను. ఆ యేడే నల్లరేగడి నేలలో చదునుగా మడులు చేసి విత్తనములు చల్లితిమి. ఒక పెద్ద వానకు నీరు నిలిచి మొలకలన్నియు కుళ్లిపోయినవి. రేగడి మన్ను తడిసినపుడు ఉబ్బి నీటిని పట్టియుంచును, ఎండినపుడు బీటలు వారును. కావున అందులో కూరగాయలకు ఎత్తైన మడులు కట్టి, నడుమ కాలువలు తీయవలెను. ఈ సంగతి మన పిల్లల తాతలలో ఎవరిని అడిగినను చెప్పియుందురు. మేము అడుగలేదు.

అప్పటినుండి రెండు నియమములు పెట్టుకొంటిమి. అతిథి యనగా ఉద్యోగియే కానక్కరలేదు, మన ఊరి రైతులును అవ్వలును అతిథులే యనునది మొదటిది. ప్రసంగము అరగంటకు మించరాదు, విన్నదానిని ఆ పూటయే చేతితో చేసి చూడవలె ననునది రెండవది.

ఆ విధముగా జరిగిన పనులను కొన్ని చెప్పెదను. ఒక అవ్వ విత్తనములను దాచు పద్ధతి చెప్పినది. పిమ్మట పిల్లలు నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, కొన్ని దినముల తరువాత విప్పి, మొలచిన వాటిని లెక్కించిరి. నూటికి ఎన్ని మొలచినవో అదియే శాతము. గణితమున శాతము బోధపడని పిల్లవానికి అది అక్కడ బోధపడినది.

మరియొక శనివారము సొరతీగకు పూలు వచ్చియు కాయలు నిలువకుండుటకు కారణమేమను ప్రశ్న వచ్చినది. “పొద్దున పూసేది గుమ్మడి నాయినా, పొద్దు మునిగినాక పూసేది సొర” అని అవ్వ చెప్పినది. మగపువ్వునకు సన్నని కాడ మాత్రముండును, ఆడపువ్వు క్రింద చిన్న పిందె యుండును. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వును చేరనిచో పిందె రాలిపోవును. సాయంకాలము పిల్లలు మగపువ్వును కోసి, రేకులు తీసి, దానితో ఆడపువ్వును తాకించిరి. పాఠ్యపుస్తకములోని పరాగసంపర్కమను పెద్దమాటకు అర్థము వారికి ఆనాడు తెలిసినది.

వ్యవసాయము చదివిన ఒక అతిథి పూతకు వచ్చిన అలసంద మొక్కను పెరికించి, వేళ్లకున్న బుడిపెలను కోయించి చూపెను. లోపల ఎఱ్ఱని ఛాయ కనబడిన యెడల అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవని గుర్తు. అందువలననే మన పెద్దలు జొన్నలో అలసంద కలిపి విత్తెడివారు. వేపగింజల కషాయమును గూడ పిల్లలే తయారు చేసిరి. ఏబది గ్రాముల వేపపప్పును దంచి, మూటగట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, సాయంకాలము చల్లవలెను. పెరడు గల తల్లులు ఇంటివద్దను దీనిని చేసికొనవచ్చును.

చెప్పుటయు చేసి చూపుటయు కలిసియుండవలెనను భావము క్రొత్తది గాదు. బానిస కుటుంబమున పుట్టి శాస్త్రజ్ఞుడైన జార్జి వాషింగ్టన్ కార్వర్ ఆలోచనతో 1906లో అమెరికాలోని టస్కీగీ విద్యాసంస్థ ఒక బండిని సిద్ధము చేసి, పనిముట్లను విత్తనములను అందులో నుంచి పల్లెలకు పంపి, రైతుల యెదుటనే పని చేసి చూపించెను. 1937లో వార్ధా విద్యాసభయందు గాంధీ మహాత్ముడు చేతిపని ద్వారా విద్య యను పద్ధతిని దేశము ముందుంచెను. మన దేశమున మొదటి కృషి విజ్ఞాన కేంద్రము 1974లో పుదుచ్చేరియందు వెలసినది. మన జిల్లాలో హగరియందు రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద అట్టి కేంద్రము కలదు. 2019లో కేంద్ర ప్రభుత్వము బడులలో పోషకాహార తోటలు పెంచుటకు మార్గదర్శక సూత్రములు వెలువరించినది.

మన బడికి సంబంధించిన మరియొక ప్రయోజనము కలదు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నేడు కన్నడము మన రాష్ట్రభాష, తెలుగు మన ఇంటిభాష. తోటలో ప్రతి మడికిని రెండు భాషలలో పేరు వ్రాసితిమి. బీర కన్నడమున హీరె, సొర సోరె, వేప బేవు, పువ్వు హూవు, పండు హణ్ణు. తెలుగు పకారము కన్నడమున పలుచోట్ల హకార మగునని పిల్లలు తామే కనిపెట్టిరి. రెండు భాషలు ఒకదానికొకటి శత్రువులు గావు, ఒకే నేలలో మొలచినవి యని వ్యాకరణ పాఠము కంటె ఆ బల్లలే బాగుగా బోధించినవి. కాని నాకొక విచారము కలదు. మడి, సాలు, పదును, కార్తె వంటి మాటలు పలువురు పిల్లలకు తెలియవు. అవ్వలతో పాటు ఆ మాటలును వెళ్లిపోయిన పిమ్మట ఏ నిఘంటువును వాటికి తిరిగి ప్రాణము పోయజాలదు.

కావున తల్లిదండ్రులకు మూడు విన్నపములు. మీ ఇంటి పెద్దలను ఒక శనివారము మా బడికి అతిథులుగా పంపుడు. ఇంట దాచిన నాటు విత్తనములు పిడికెడు బిడ్డచేతి కిండు. బిడ్డ మట్టిచేతులతో ఇల్లు చేరినపుడు కోపగింపక, “ఈ దినము ఏమి చేసితివి?” అని తెలుగులో అడుగుడు. వాడు వివరముగా చెప్పగలిగిన నాడు ఆ గంట వృథా పోలేదని మీరే గ్రహింతురు.