బోర్న్‌విల్: చాక్లెట్ ఫ్యాక్టరీ పక్కన వెలసిన తోటల పేట

బోర్న్‌వీటా డబ్బా ద్వారా తెలుగు ఇళ్లకు పరోక్షంగా పరిచయమైన బోర్న్‌విల్ నిజానికి ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరకేంద్రానికి దక్షిణాన సుమారు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న శివారు పేట. 1824లో ఆ నగరంలో తేయాకు, కాఫీ, కోకో అమ్మే దుకాణం తెరిచిన జాన్ క్యాడ్‌బరీ, పురోహితులు లేకుండా మౌనంగా ప్రార్థించే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. ఆయన కుమారులు రిచర్డ్, జార్జ్ 1861లో వ్యాపారాన్ని చేపట్టి, ఇరుకైన పాత ఫ్యాక్టరీని విడిచి, కాలువా రైలుమార్గమూ రెండూ అందుబాటులో ఉన్న పొలాల మధ్యకు 1879లో తరలివచ్చారు.

ఆనాటి బర్మింగ్‌హాం కార్మికులలో అనేకులు వెనుక గోడ ఉమ్మడిగా ఉండి, ఒక్క వైపు నుంచే గాలీ వెలుతురూ సోకే ఇరుకిళ్లలో బతికేవారు. దీనికి బదులుగా జార్జ్ క్యాడ్‌బరీ 1893లో ఫ్యాక్టరీ పక్కన 120 ఎకరాలు కొని, విలియం అలెగ్జాండర్ హార్వే అనే యువ వాస్తుశిల్పితో ఇళ్లు కట్టించడం ఆరంభించాడు. స్థలంలో నాలుగో వంతుకు మించి ఇల్లు ఆక్రమించకూడదనీ, మిగిలినదంతా కూరగాయలకూ పండ్లచెట్లకూ ఉండాలనీ, పేటలో పదో వంతు భూమిని పార్కులకు వదలాలనీ ఆయన నియమం. సబ్బుల వ్యాపారి లీవర్ తన ఉద్యోగుల కోసమే కట్టించిన పోర్ట్ సన్‌లైట్‌కు భిన్నంగా, ఇక్కడ ఫ్యాక్టరీతో సంబంధం లేనివారికీ ఇళ్లిచ్చారు.

అయితే 999 ఏళ్ల లీజుపై చవకగా ఇళ్లు పొందినవారిలో కొందరు వాటిని లాభానికి అమ్ముకోవడంతో, మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని తేలింది. అందుకే 1900లో 313 ఇళ్లతో కూడిన 330 ఎకరాలను జార్జ్ ఒక ట్రస్టుకు, అంటే వచ్చిన అద్దెను మళ్లీ పేట అభివృద్ధికే వెచ్చించాల్సిన ధర్మనిధికి, రాసిచ్చాడు. బోర్న్‌విల్ చరిత్రలో అన్నింటికంటే దూరదృష్టి గల పని ఇదే. తోటనగరాల ఉద్యమకారులు మరుసటి ఏడాది తమ తొలి మహాసభను ఇక్కడే జరుపుకున్నారు.

పేట నడిబొడ్డున ఉన్న పచ్చిక మైదానంలో ఎనిమిది భుజాల విశ్రాంతి మందిరం ఉంది. జార్జ్, ఎలిజబెత్ దంపతుల పెళ్లి రజతోత్సవానికి కానుకగా ఉద్యోగులు దీన్ని 1914లో కట్టించగా, దీని ఆకృతికి సోమర్‌సెట్‌లోని డన్‌స్టర్ నూలు సంతమండపం నమూనా అయింది. సమీపంలోని బడి గోపురంలో 1906లో నెలకొల్పిన కారిల్లాన్, అంటే వేర్వేరు స్వరాలకు శ్రుతి చేసిన గంటలను మీటలతో మోగించే వాద్యం, ఇప్పుడు 48 గంటలతో ఉంది. ఇక కూల్చివేతకు గురికాబోయిన సెల్లీ మేనర్ అనే పాత కొయ్యచట్రపు భవనాన్ని విప్పదీసి, ఇక్కడికి తెచ్చి, మళ్లీ నిలబెట్టి మ్యూజియంగా మార్చారు.

ఈ దాతృత్వానికి క్రమశిక్షణ ముఖం కూడా ఉంది: క్వేకర్ల మద్యవ్యతిరేకత వల్ల పేటలో సారాయి దుకాణాలకు చోటు లేకపోగా, పెళ్లయిన స్త్రీలు ఫ్యాక్టరీ ఉద్యోగం వదులుకోవలసి వచ్చేది. అంతకంటే పెద్ద మచ్చ సముద్రానికి అవతల ఉంది. పోర్చుగీసు పాలనలోని సావో తోమే దీవుల్లో అంగోలా నుంచి తెచ్చిన కూలీలు దాదాపు బానిసలుగా కోకో పండిస్తుండగా, కంపెనీ అక్కడి గింజలు కొనడం 1909లో గాని మానలేదు. ఈ విషయమై ఎత్తిపొడిచిన స్టాండర్డ్ పత్రికపై వేసిన పరువునష్టం దావాలో క్యాడ్‌బరీలు అదే ఏడాది గెలిచినా, జ్యూరీ ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు మాత్రమే.

2010లో అమెరికాకు చెందిన క్రాఫ్ట్ సంస్థ క్యాడ్‌బరీని కొన్నప్పుడు ఫ్యాక్టరీ చేతులు మారింది గాని, శతాబ్దం కిందటే వేరుపడిన ట్రస్టు ఆ బేరంలో భాగం కాలేదు. పేట నిర్వహణ నేటికీ ఆ ట్రస్టు చేతిలోనే ఉంది.