పెన్‌డ్రైవ్‌లో విండోస్: డ్రైవర్లు, స్క్రిప్టులు ముందే కలిపి పెట్టుకోవడం ఎలా?

పాత ల్యాప్‌టాప్‌కి మళ్లీ విండోస్ వేయాలంటే మన ఇళ్లలో సాధారణంగా గల్లీలోని షాపుకే పంపుతాం. తిరిగొచ్చిన మెషిన్‌లో ఏం వేశారో, ఎక్కడి నుంచి తెచ్చి వేశారో మనకు తెలియదు. తర్వాత అందులోనే పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతాం, బ్యాంకు ఖాతా తెరుస్తాం, ఆధార్ కాపీలు దాస్తాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. దాంతో చాలా ఇళ్లలో మళ్లీ ఈ పని పడింది. కాస్త ఓపిక ఉంటే ఇంటర్ చదివే పిల్లలు కూడా సొంతంగా చేసుకోవచ్చు. రిపేర్ పని నేర్చుకునే కుర్రాళ్లకైతే ఇది అన్నం పెట్టే విద్య.

ఇమేజ్ అంటే ఏమిటి?

మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 ఐఎస్ఓ ఫైలును ఉచితంగా దించుకోవచ్చు. డబ్బు కట్టాల్సింది లైసెన్స్‌కే. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంతకుముందు అసలైన విండోస్ నడిచి ఉంటే, అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఐఎస్ఓలోని 'సోర్సెస్' ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు ముఖ్యం. 'బూట్.విమ్' అనేది పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీదికొచ్చే సెటప్. 'ఇన్‌స్టాల్.విమ్' అనేది డిస్క్‌లోకి ఎక్కే అసలు విండోస్. ఇందులో హోమ్, ప్రో లాంటి ఎడిషన్లు వేర్వేరు నంబర్లతో ఉంటాయి. మనం మార్పులు చేసేది ఈ రెండు ఫైళ్లలోనే.

సెటప్ ఎక్కడ ఆగిపోతుంది?

చాలామందికి రెండు చోట్ల ఆగుతుంది. ఒకటి, 'డ్రైవ్‌లు ఏవీ కనిపించలేదు' అనే తెర. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది వస్తుంది. డిస్క్ పాడైపోయిందని కంగారు పడొద్దు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ సెటప్‌లో లేదు, అంతే. రెండోది, విండోస్ ఎక్కాక నెట్ కలపమంటుంది, కానీ వైఫై డ్రైవర్ ఉండదు. నెట్ లేక ముందుకు పోదు, నెట్ ఉంటే తప్ప డ్రైవర్ రాదు.

ముందు డ్రైవర్లు పోగేయండి

పాత విండోస్ చెరిపేయకముందే చేయాల్సిన పని ఇది. విండోస్‌లోనే 'డిస్మ్' అనే టూల్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, దాని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ కమాండ్ ఇస్తే, మెషిన్‌లో విడిగా వేసిన డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. ఆ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లో దాచండి. కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కు విండోస్ 11 డ్రైవర్లు దొరికితే అవే మేలు. అయితే మనకు పనికొచ్చేది 'ఐఎన్ఎఫ్' ఫైళ్లున్న ఫోల్డర్. డబుల్ క్లిక్ చేసి వేసే ఈఎక్స్ఈ ఫైలు ఇమేజ్‌లోకి ఎక్కదు, దాన్ని ముందు విప్పుకోవాలి.

ఒక్క ల్యాప్‌టాప్ కోసమైతే ఇమేజ్ జోలికి పోనక్కర్లేదు. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, సెటప్ ఆగిన చోట 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపిస్తే చాలు. ట్యూషన్ సెంటర్, స్కూల్ ల్యాబ్, నెట్ సెంటర్ లాంటి చోట ఒకే మోడల్ మెషిన్లు పది, ఇరవై ఉంటే మాత్రం ఇమేజ్‌లోనే కలిపేయడం లాభం.

కలపడం ఇలా

1. ఐఎస్ఓ లోపలి ఫైళ్లన్నిటినీ హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. విమ్ ఫైళ్లకు 'రీడ్ ఓన్లీ' గుర్తు ఉంటే తీసేయండి.

2. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, డిస్మ్‌తో 'ఇన్‌స్టాల్.విమ్'లో మీరు వేయబోయే ఎడిషన్ నంబర్‌ను అందులోకి మౌంట్ చేయండి. విండోస్ మొత్తం మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. 'ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ' ఉంటే మాత్రం ముందు దాన్ని విమ్‌గా మార్చుకోవాలి.

3. యాడ్ డ్రైవర్ కమాండ్‌తో డ్రైవర్ల ఫోల్డర్ చూపించండి. 'రికర్స్' అని చేరిస్తే లోపలి ఫోల్డర్లన్నీ వెతుక్కుంటుంది.

4. తెరిచిన ఫోల్డర్లన్నీ మూసి, 'కమిట్'తో అన్‌మౌంట్ చేయండి. తేడా వస్తే 'డిస్కార్డ్' ఇవ్వండి, అసలు ఫైలు చెక్కుచెదరదు.

5. స్టోరేజ్ డ్రైవర్‌ను 'బూట్.విమ్'లోని 2వ నంబర్ ఇమేజ్‌లో కూడా ఇలాగే కలపాలి. అది లేకపోతే సెటప్‌కు డిస్కే కనిపించదు.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. అప్పుడు డిస్మ్‌తోనే 'ఇన్‌స్టాల్.విమ్'ను ముక్కలు చేయొచ్చు. సెటప్ ఆ ముక్కలను తానే కలుపుకుంటుంది.

స్క్రిప్టులు ఏం చేస్తాయి?

సెటప్ అడిగే ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టే ఫైలు పేరు 'ఆటోఅన్అటెండ్.ఎక్స్ఎంఎల్'. పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా పైనే ఉంచితే సెటప్ దాన్ని చదువుకుంటుంది. భారత సమయం, యూజర్ పేరు, భాష అన్నీ ఇందులో రాయొచ్చు. మన పిల్లలకు పనికొచ్చేది కీబోర్డుల వరుస. ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూ మూడూ ఒకేసారి చేర్చొచ్చు. తర్వాత విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. 'ఉర్దూ టైప్‌సెట్టింగ్' ఫాంట్ మాత్రం విడిగా చేర్చుకునే అరబిక్ ఫాంట్ల కట్టలో ఉంటుంది. నెట్ కలిశాక దాన్ని దించుకోమని స్క్రిప్టులో రాయొచ్చు.

విండోస్ ఎక్కడం పూర్తయ్యాక ఒకసారి నడిచే స్క్రిప్టు 'సెటప్‌కంప్లీట్.సీఎండీ'. ఇమేజ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో, సెటప్ కింద 'స్క్రిప్ట్స్' అనే ఫోల్డర్ చేసి పెట్టాలి. అయితే కంపెనీ ఇచ్చిన ఓఈఎం కీతో వచ్చే హోమ్, ప్రో ల్యాప్‌టాప్‌లలో విండోస్ దీన్ని నడపదు. అక్కడ జవాబుల ఫైలులోనే 'ఫస్ట్ లాగాన్ కమాండ్స్' రాసుకోవాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

జవాబుల ఫైలులో డిస్క్ చెరిపేయమని కూడా రాయొచ్చు. దయచేసి ఇంట్లో వాడే పెన్‌డ్రైవ్‌లో అది పెట్టకండి. ఎవరో తెలియక ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, ఒక్క మాట అడగకుండా నిఖా ఫోటోలు, సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. డిస్క్ ఎంచుకునే పని మనిషికే వదిలేయండి.

అదే ఫైలులో పాస్‌వర్డ్ రాస్తే పెన్‌డ్రైవ్ చేతికొచ్చిన ఎవరైనా చదవొచ్చు. తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, పని అవగానే మార్చేయండి.

నెట్‌లో ఎవరో తయారుచేసి పెట్టిన 'లైట్' విండోస్ ఇమేజ్‌లు వాడొద్దు. మనం మన డ్రైవర్ కలిపినట్టే, వాళ్లు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ కలపొచ్చు. అది విండోస్‌తో పాటే ఎక్కుతుంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. ఇలాంటి వాటిలో కొన్నిట్లో అప్‌డేట్లు, డిఫెండర్ కూడా తీసేసి ఉంటారు. షాపులో వేయించినా సరే, 'ఐఎస్ఓ ఎక్కడిది భాయ్?' అని ఒక్క మాట అడగండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీ ముందే దించమనండి.

చివరగా, తయారైన పెన్‌డ్రైవ్‌ను ముందు ఒక్క మెషిన్‌లోనే వేసి చూడండి. వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్, కెమెరా నాలుగూ పనిచేశాకే మిగతా వాటి జోలికి వెళ్లండి. పెన్‌డ్రైవ్ మీద తేదీ, మోడల్ రాసి అంటించండి. విండోస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ తయారుచేసుకోవాలి. డ్రైవర్ల ఫోల్డర్ దాచుకుని ఉంటే అది అరపూట పని.